స్పోర్ట్స్ కారు టైర్లు: పట్టు పోకుండా, తొందరగా అరగకుండా చూసుకునే పద్ధతి

స్పోర్ట్స్ కారు పక్కన నిలబడి చూస్తే వెనక టైరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. బయటి అంచున గాడులు ఇంకా 4 మి.మీ. లోతు ఉంటాయి. అదే కారును లిఫ్ట్ ఎక్కించి లోపలి అంచు చూస్తే గాడి జాడే ఉండదు, ఒక్కోసారి రబ్బరు కింది తీగలు కూడా బయటపడి ఉంటాయి. ఆ టైరును తినేసింది చాలాసార్లు వేగం కాదు. గాలి తప్పు, టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పు, అక్కర్లేని వేడి. పట్టు కావాలంటే టైరు తొందరగా అరగక తప్పదంటారు. అందులో సగమే నిజం. మెత్తటి కాంపౌండు (రబ్బరు మిశ్రమం) తొందరగా అరిగే మాట వాస్తవమే. కానీ పైన చెప్పిన మూడు తప్పులూ పట్టునూ ఆయుష్షునూ ఒకేసారి తగ్గిస్తాయి. కాబట్టి వాటిని సరిచేస్తే రెండూ కలిసే బాగుపడతాయి.

ఉదాహరణకు పోర్షే 911 కరేరా ఎస్, 992 తరం కారును తీసుకుందాం. ఇంజిన్ వెనక ఉంటుంది, బరువులో 60 శాతానికి పైగా వెనక ఇరుసు మీదే పడుతుంది. ముందు 245/35 జెడ్‌ఆర్ 20, వెనక 305/30 జెడ్‌ఆర్ 21 టైర్లు. ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి మామూలు కార్లలా ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చే వీలు లేదు. అందుకే వెనక జత ముందే అయిపోతుంది. బీఎండబ్ల్యూ ఎం కార్లకూ, ఏఎంజీలకూ, మస్టాంగ్‌కూ కొలతలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

దగ్గర పెట్టుకోవలసినవి: గాడి లోతు కొలిచే గేజ్, అర పీఎస్‌ఐ తేడా చూపే డిజిటల్ ప్రెషర్ గేజ్, బోల్టులను చెప్పినంత బలంతోనే బిగించే టార్క్ రెంచ్, ఒక సుద్దముక్క, ఒక నోటు పుస్తకం. రేస్ ట్రాక్‌కు వెళ్లేవారైతే రబ్బరు వేడి కొలిచే, సూది ఉన్న పైరోమీటర్ కూడా. పెట్రోల్ బంకులో గాలి గేజ్ ఎంత చూపినా సొంత గేజ్‌తోనే సరిచూసుకోవాలి. రెండిటికీ మధ్య 2, 3 పీఎస్‌ఐ తేడా రావడం కొత్తేమీ కాదు.

1. టైరు గోడ మీద రాతలు చదవండి

సైజు తర్వాత బ్రాకెట్లో 'వై' అక్షరం ఉంటే ఆ టైరు గంటకు 300 కి.మీ. దాటిన వేగానికి తయారైంది. బ్రాకెట్ లేని 'వై' 300 వరకే, 'డబ్ల్యూ' 270 వరకే. దాని పక్కన ఉండే అంకె బరువు మోసే శక్తి. 101 అంటే ఒక్కో టైరు 825 కిలోలు మోయగలదు. కంపెనీ చెప్పిన అంకె కంటే తక్కువది ధర చూసి వేయించకండి.

'డాట్' అనే రాత చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. అది గోడకు ఒకవైపే అచ్చవుతుంది, బిగించాక లోపలివైపుకు పోయిందంటే కనపడదు. అందుకే బిగించే ముందే నాలుగు టైర్లూ చూడాలి. పెద్ద సైజులు మన దగ్గర తక్కువగా అమ్ముడవుతాయి, గోడౌన్‌లో ఏళ్లు ఉండిపోయిన టైరు అంటగట్టే ప్రమాదం ఉంది. పైగా 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చింది కాబట్టి కొన్ని సైజులు అడిగినప్పుడు దొరకవు. గాడి 3.5 మి.మీ.కు వచ్చినప్పుడే వాకబు మొదలుపెట్టడం మేలు.

మరో రాత ట్రెడ్‌వేర్, అంటే టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె. అమెరికా ప్రభుత్వం పెట్టిన యూటీక్యూజీ అనే కొలమానంలో భాగమది. టెక్సస్‌లో నిర్ణీత మార్గం మీద 7,200 మైళ్లు నడిపి, 100 విలువ ఇచ్చిన ఒక ప్రమాణ టైరుతో పోల్చి అంకె వేస్తారు. అంకె వేసేది తయారీ కంపెనీయే కాబట్టి ఒక కంపెనీ 300నూ మరో కంపెనీ 300నూ సమానం అనుకోకూడదు. ఒకే కంపెనీ టైర్లను పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 ఎస్‌కు 300, పైలట్ స్పోర్ట్ కప్ 2కు 180. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు మొదటిదే సరైనదని మా గట్టి అభిప్రాయం. కప్ 2 లాంటి సెమీ స్లిక్ (గాడులు తక్కువగా ఉండే ట్రాక్ టైరు) బాగా వేడెక్కితేనే తన పట్టు చూపిస్తుంది. ఊళ్లో తిరిగితే ఆ వేడి రాదు, వానలో భయపెడుతుంది, అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది.

పోర్షే పరీక్షించి ఒప్పుకున్న టైర్ల మీద ఎన్0, ఎన్1 లాంటి గుర్తు ఉంటుంది. బీఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు ఎంఓ. ఒకే పేరున్న టైరు అయినా గుర్తు మారితే లోపలి నిర్మాణం మారవచ్చు. ఇరుసుకు ఒకటి గుర్తు ఉన్నదీ ఒకటి లేనిదీ వేయడం తప్పు.

2. లోతు ఒక్కచోట కాదు, అడ్డంగా మూడుచోట్ల కొలవండి

లోపలి అంచు, నడుమ, బయటి అంచు. ప్రతి టైరుకు ఈ మూడు అంకెలూ, కారు తిరిగిన కిలోమీటర్లూ పుస్తకంలో రాయండి. 2,000 కి.మీ.కు ఒకసారి చాలు. కొత్త టైరుకు 7, 8 మి.మీ. లోతు ఉంటుంది. గాడుల్లో అక్కడక్కడ కనిపించే చిన్న గట్లు 1.6 మి.మీ. ఎత్తున ఉంటాయి. మన మోటారు వాహన నిబంధనల ప్రకారం కారు టైరుకు అదే ఆఖరి హద్దు. వెడల్పాటి టైరుకు వానాకాలంలో 3 మి.మీ. దగ్గరే ఆపేయడం సురక్షితం.

అంకెలు చెప్పేది ఇది. నడుమ ఎక్కువ అరిగితే గాలి ఎక్కువైంది. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువైంది. లోపలి అంచు ఒక్కటే పోతుంటే ముందుగా టోను అనుమానించాలి, కాంబర్ (చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో వాలి ఉండే కోణం) తర్వాత. గేజ్ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి రుద్దండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపపు పళ్లలా గుచ్చుకుంటే టో తప్పినట్టే. తీగలు బయటపడి ఉండవచ్చని అనుమానం ఉంటే చేయి పెట్టకండి, టార్చి వేసి చూడండి.

3. గాలి: చల్లగా ఉన్నప్పుడే లెక్క

డ్రైవర్ తలుపు చట్రం మీద ఉన్న స్టిక్కర్ చెప్పేది చల్లని టైరు గాలి. కనీసం మూడు గంటలు నీడలో నిలబడిన కారుకు పట్టేది. నడిపి వచ్చాక కొలిచి 'ఎక్కువుంది' అని తీసేస్తే, రేపు ఉదయానికి అది తక్కువై కూర్చుంటుంది.

లోపలి గాలి 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే ఒత్తిడి ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్‌ఐ పెట్టిన టైరు లోపలి గాలి 70 డిగ్రీలకు చేరితే గేజ్ 39 చూపిస్తుంది. అది ఊహించి చెప్పిన లెక్క కాదు, భౌతికశాస్త్రం. ఇదే లెక్క వాతావరణానికీ వర్తిస్తుంది. మే నెలలో హైదరాబాద్‌లో 40 డిగ్రీల మధ్యాహ్నం సరిగ్గా పెట్టిన గాలి, జనవరిలో 15 డిగ్రీల తెల్లవారుజామున దాదాపు 4 పీఎస్‌ఐ తక్కువ ఉంటుంది. ఏమీ లీకవకుండానే. సంక్రాంతి పండగ ముందు ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి తప్పక సరిచూడండి. మధ్యలో రెండు వారాలకోసారి.

పోర్షే టీపీఎంఎస్‌లో (టైర్ల గాలి ఒత్తిడిని కనిపెట్టి చూపే వ్యవస్థ) గాలి నింపడానికి వేరే తెర ఉంటుంది. టైరు ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకుని ఇంకెంత నింపాలో అది చూపిస్తుంది. మామూలు ప్రెషర్ తెర కంటే దీన్ని నమ్మండి. టైర్ల రకం మార్చినప్పుడు మెనూలో ఆ రకం ఎంచుకోవడం మర్చిపోతే మాత్రం హెచ్చరికలన్నీ తప్పుతాయి.

గాలి తక్కువైతే గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది, ఆ వంగడమే వేడి పుట్టిస్తుంది. భుజాలు (ట్రెడ్, గోడ కలిసే అంచులు) అరుగుతాయి, స్టీరింగ్ తిప్పాక కారు కాస్త ఆలస్యంగా కదులుతుంది. గాలి ఎక్కువైతే రోడ్డును తాకే మచ్చ చిన్నదై పట్టు పోతుంది, గోతిలో పడితే గోడ పగిలే ముప్పు పెరుగుతుంది. నైట్రోజన్ సంగతి ఒక్క మాటలో: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. తేమ లేకపోవడమే దానికున్న ముఖ్యమైన మేలు. రోడ్డు కారుకు అది దొరకలేదని గాలి సరిచూడటం వాయిదా వేయకండి.

4. అలైన్‌మెంట్: టో ముందు, కాంబర్ తర్వాత

టో అంటే చక్రాలు పైనుంచి చూసినప్పుడు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. ఒక చక్రం సరైన దిశ నుంచి పావు డిగ్రీ తప్పితే, లెక్క ప్రకారం ప్రతి కిలోమీటరుకు నాలుగు మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకుపోతుంది. 10,000 కి.మీ.కు అది 40 కి.మీ. పైమాట. రబ్బరు సాగే గుణం వల్ల అంతా జారుడు కింద పోదు గానీ, అరుగుదల ఎక్కడి నుంచి వస్తోందో ఈ లెక్క చూపిస్తుంది. నెగటివ్ కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) వల్ల లోపలి అంచు మీద బరువు ఎక్కువ పడుతుంది. టో తప్పి ఉంటే ఆ ఈడ్పు అంతా అదే అంచు మీద పడుతుంది. అందుకే కాంబర్‌ను తిట్టేముందు టో సరిచేయాలి.

అలైన్‌మెంట్ చేయించేటప్పుడు:

నాలుగు చక్రాలకూ చేయమనండి. చాలా షాపుల్లో ముందు చక్రాలు సరిచేసి, స్టీరింగ్ నిటారుగా ఉంటే అయిపోయిందంటారు. 911లో అసలు టైరు తినేది వెనక ఇరుసు.

ముందుగా గాలి సరిచేయించి, ట్యాంకులో పెట్రోల్ వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పినంత ఉంచి యంత్రం మీద ఎక్కించాలి. గాలి తేడా ఉంటే కారు ఎత్తు మారి కోణాలన్నీ మారతాయి.

సరిచేయకముందూ తర్వాతా రెండు ప్రింటవుట్లూ తీసుకోండి. ప్రతి చక్రం టో విడివిడిగా, కాంబర్, థ్రస్ట్ కోణం (వెనక చక్రాలు కారు నడిమి గీతకు ఎంత పక్కకు చూస్తున్నాయో చెప్పేది) ఉండాలి.

వెనక టోను సున్నా చేయమని అడగొద్దు. వెనక కాస్త లోపలికి తిరిగి ఉండటమే ఆ కారును బ్రేకుల కింద నిలకడగా ఉంచుతుంది. కంపెనీ ఇచ్చిన హద్దులో తక్కువవైపు అంకె పెట్టించి, ఎడమ కుడి సమానంగా ఉండేలా చూడండి.

పెద్ద గోతిలో పడినా, సస్పెన్షన్ భాగం ఏది మార్చినా, కారు ఎత్తు తగ్గించినా మళ్లీ చేయించాలి. సర్వీసు దాకా ఆగితే ఆలోపే వెనక జత పోతుంది.

5. వానలో

వెడల్పు టైరు పొడి రోడ్డు మీద ఇచ్చే మేలు నీళ్ల మీద ఎదురు తిరుగుతుంది. టైరు ముందు పోగయ్యే నీరు పక్కలకు పోవడానికి దూరం ఎక్కువ, సమయం తక్కువ. నాసా విమాన టైర్ల కోసం తేల్చిన సూత్రం ఒకటుంది: పీఎస్‌ఐకి వర్గమూలం కట్టి 9తో గుణిస్తే, టైరు నీటి మీద తేలే వేగం నాట్లలో వస్తుంది. 33 పీఎస్‌ఐకి అది గంటకు సుమారు 96 కి.మీ., 26కు 85. కారు టైరుకు గాడి లోతు, వెడల్పు, నీటి మందం బట్టి ఇది మారుతుంది కానీ దిశ స్పష్టం. గాలి తగ్గితే ఇంకా తక్కువ వేగంలోనే తేలుతుంది. ఓఆర్‌ఆర్ మీద 120 అనుమతి ఉందని అరిగిన సెమీ స్లిక్‌లతో జూలై వానలో ఆ వేగం పట్టకండి. నీరు నిలిచిన చోట స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైతే యాక్సిలరేటర్ మెల్లగా వదలండి, బ్రేకు తొక్కొద్దు, చక్రాలు తిన్నగా ఉంచండి.

6. ట్రాక్ రోజు

టైరు జీవితంలో ఎక్కువ భాగం ఖర్చయ్యేది ఇక్కడే, కాపాడుకోగలిగేది కూడా ఇక్కడే. బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ పొడవు 5.125 కి.మీ., గడియారం తిరిగే దిశలోనే నడుపుతారు. అలాంటి ట్రాక్ మీద కుడి మలుపుల భారమంతా ఎడమ టైర్ల మీద పడుతుంది. అసిమెట్రిక్ టైర్లయితే (లోపలివైపు, బయటివైపు గాడులు వేరుగా ఉండేవి) తర్వాతి ట్రాక్ రోజుకు ముందు అదే ఇరుసు మీద ఎడమ కుడి మార్చుకోవచ్చు. తిరిగే దిశ బాణం ఉన్న టైర్లను రిమ్ నుంచి విప్పకుండా మార్చడం కుదరదు. అయితే ఈ మార్పిడి లోపలి అంచు అరుగుదలను సరిచేయదు, లోపలివైపు లోపలే ఉంటుంది.

కొత్త టైర్లతో ట్రాక్‌కు వెళ్లకండి. పూర్తి లోతున్న ట్రెడ్ దిమ్మలు మలుపులో అటూ ఇటూ ఊగి లోలోపల వేడెక్కుతాయి, ముక్కలుగా ఊడతాయి. రోడ్డు మీద కొంత అరిగిన టైరు పొడి ట్రాక్ మీద ఎక్కువ నిలకడగా ఉంటుంది. సెమీ స్లిక్ అయితే మొదటిసారి ఒక చిన్న సెషన్ మెల్లమెల్లగా వేగం పెంచుతూ వేడెక్కించి, తర్వాత 24 గంటలు వదిలేస్తే రబ్బరు కుదురుకుంటుంది, ఎక్కువ రోజులు వస్తుంది.

గాలి విషయంలో ఇక్కడ చల్లని అంకె కాదు, వేడి అంకె ముఖ్యం. చాలా సెమీ స్లిక్‌లకు వేడిలో 30 నుంచి 34 పీఎస్‌ఐ మధ్య లక్ష్యం పెట్టుకుంటారు. మీ టైరు కంపెనీ చెప్పిన అంకె ఉంటే అదే పాటించండి. పొద్దున్న చల్లగా 27, 28తో మొదలుపెట్టి, మూడు నాలుగు ల్యాప్‌లయ్యాక పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు) వచ్చి వెంటనే కొలిచి, ఎక్కువైనంత తీసేయాలి. నాలుగు టైర్లూ ఒకేలా వేడెక్కవు, ఒక్కోదాన్నీ విడిగా చూడాలి.

సుద్దతో టైరు భుజం మీద, ట్రెడ్ నుంచి గోడ మీదికి అడ్డంగా మూడుచోట్ల గీతలు గీయండి. సెషన్ అయ్యాక గోడ మీద సుద్ద చెరిగిపోయి ఉంటే టైరు పక్కకు పొర్లుతోంది, గాలి చాలలేదు. ట్రెడ్ అంచు మీద కూడా సుద్ద మిగిలి ఉంటే గాలి ఎక్కువ.

పైరోమీటర్ సూదిని రబ్బరులోకి 2 మి.మీ. గుచ్చి లోపల, నడుమ, బయట మూడు అంకెలు తీసుకోండి. పిట్‌లోకి వచ్చిన నిమిషంలోపే అవ్వాలి, పైపొర వేడి చాలా వేగంగా దిగిపోతుంది. ఉదాహరణకు లోపల 92, నడుమ 87, బయట 83 వచ్చిందంటే నెగటివ్ కాంబర్ ఉన్న కారుకు అది మంచి లెక్క. నడుమ అంకె రెండు అంచుల సగటు కంటే స్పష్టంగా ఎక్కువైతే గాలి తీయాలి, తక్కువైతే కలపాలి. బయటి అంచే అన్నిటికన్నా వేడిగా ఉంటే ట్రాక్‌కు కాంబర్ చాలలేదు.

రోడ్డు టైరు 100 డిగ్రీలు దాటి వేడెక్కుతూ పోతే జిడ్డు రాసినట్టు జారడం మొదలవుతుంది. అప్పుడు ఇంకా గట్టిగా నడిపితే పట్టు రాదు, రబ్బరు పోతుంది. ముందు చక్రాలు జారుతున్నప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పడం టైరును అన్నిటికన్నా వేగంగా తినే అలవాటు. రెండు ల్యాప్‌లు వేగం తగ్గించి నడిపితే చాలా మటుకు పట్టు తిరిగొస్తుంది. పైన చిన్న చిన్న నలుసుల్లా రబ్బరు చుట్టుకుపోతే అది గ్రెయినింగ్, చల్లని టైరును బలవంతంగా జారనిచ్చినందుకు. బొబ్బలు లేచి గుంటలు పడితే బ్లిస్టరింగ్, లోపల వేడి మితిమీరినందుకు. గ్రెయినింగ్ అరిగి పోతుంది. బొబ్బ లేచిన టైరును వేగానికి మళ్లీ వాడకూడదు.

చివరి ల్యాప్ నిదానంగా నడపండి. పిట్‌లో హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేర్‌లోనో, పీలోనో ఆపి చక్రాల కింద దిమ్మ పెట్టండి.

ఇంటికి బయలుదేరే ముందు చాలామంది మర్చిపోయేది గాలి తిరిగి నింపడం. లోపలి గాలి 90 డిగ్రీల దగ్గర 34కు తగ్గించిన టైరు 30 డిగ్రీలకు చల్లబడితే మిగిలేది 26 పీఎస్‌ఐ. ఆ గాలితో హైవే మీద గంటల తరబడి నడిస్తే, ట్రాక్ మీద బతికిన టైరు దారిలో చస్తుంది. చిన్న కంప్రెసర్ వెంట ఉంచుకోండి. వీల్ బోల్టులు కూడా చల్లబడ్డాక మాన్యువల్ చెప్పిన టార్క్‌కు సరిచూడాలి. అయిదు బోల్టుల 992కు అది 160 న్యూటన్ మీటర్లు.

7. పంక్చర్లు, ఉబ్బులు

ఈ కార్లలో స్టెప్నీ ఉండదు, సీలెంట్ సీసా, కంప్రెసర్ ఉంటాయి. సీలెంట్ ఇంటిదాకానో షాపుదాకానో చేరడానికే, ఆ తర్వాత లోపల కడిగించి టీపీఎంఎస్ సెన్సర్ చూపించాలి. ట్రెడ్ నడిమి భాగంలో 6 మి.మీ. లోపు రంధ్రం అయితే టైరు విప్పి లోపలి నుంచి ప్లగ్, ప్యాచ్ కలిపి వేయించాలి. రోడ్డు పక్కన బయటి నుంచి గుచ్చే స్ట్రిప్ తాత్కాలికం. ఏ మరమ్మతు చేయించినా ఆ టైరుతో ట్రాక్‌కు వెళ్లకండి. భుజం, గోడ దగ్గర పంక్చర్‌కు మరమ్మతు లేదు.

గోతిలో పడ్డాక గోడ మీద చిన్న బుడగ లేస్తే లోపలి తాళ్లు తెగినట్టు. అది ఏ క్షణమైనా పేలవచ్చు. రిమ్ వంగిందా అని కూడా చూపించండి.

8. ఎక్కువ రోజులు నిలబెట్టే కారుకు

వారానికోసారి కూడా తీయని కార్లకు టైరు అరగక ముందే వయసు అయిపోతుంది. ఒకేచోట నెలల తరబడి నిలిస్తే కింది భాగం చదునై, నడిపేటప్పుడు అదురు వస్తుంది. గోడ మీద రాసిన గరిష్ఠ అంకె దాటకుండా కొన్ని పీఎస్‌ఐ ఎక్కువ పెట్టి, రెండు వారాలకోసారి అర మీటరు ముందుకు జరపండి. ఎండ నేరుగా పడనివ్వొద్దు. మెరుపు కోసం రాసే పెట్రోలియం పాలిష్‌లు టైరు దగ్గరికి రానీయొద్దు. గాడి ఎంత మిగిలినా ఆరేళ్లు దాటిన టైరును మార్చమని పోర్షే చెబుతుంది.

9. మార్చేటప్పుడు

ఇరుసుకు రెండూ కలిపి మార్చండి. ఒక్క టైరే పోతే, అదే ఇరుసు మీది రెండో టైరుకూ కొత్తదానికీ లోతు తేడా 30 శాతం దాటకూడదు. కరేరా 4 లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ కార్లలో ముందూ వెనకా చుట్టుకొలతల తేడా కూడా ముఖ్యం, పెరిగితే ముందు చక్రాలకు శక్తి పంపే క్లచ్ ప్యాక్ మీద భారం పడుతుంది. 'అవుట్‌సైడ్' అని రాసిన వైపు బయటికే ఉందో లేదో డబ్బు కట్టే ముందు నాలుగు చక్రాల దగ్గరా నిలబడి చూసుకోండి. వాల్వులు కూడా కొత్తవి వేయించండి.

కొత్త టైరు మీద అచ్చు నుంచి తేలిగ్గా ఊడటానికి రాసిన పూత మిగిలి ఉంటుంది. మొదటి 200 కి.మీ. వరకు పూర్తి పట్టు రాదు. ఆ దూరం నిదానంగా, ముఖ్యంగా తడి రోడ్డు మీద, నడిపి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు గాలి మళ్లీ సరిచూసి, మూడు లోతులూ కొలిచి పుస్తకంలో కొత్త పేజీ మొదలుపెట్టండి.